నడుస్తోందా, ఆగిందా

ఓబులేసు చనిపోయినప్పటి నుంచి ఇలియాస్‌కు అన్నం సయించడం లేదు.

ఆదోని దగ్గర ఒక పత్తి మిల్లులో అతని ఉద్యోగం. ఏ మిషను ఎంతసేపు నడిచింది, ఎన్ని బేళ్లు కట్టారు అన్న రిపోర్టులన్నీ అక్కడ ఒకప్పుడు కాగితాల మీదే ఉండేవి. హైదరాబాదు ఆఫీసుకు చేరేసరికి పాతబడిపోయేవి. ఇలియాస్ వచ్చి వాటన్నిటినీ ఒకే కంప్యూటర్ తెర మీదికి తెచ్చాడు. మిషను నడుస్తుంటే సూపర్‌వైజరు పచ్చచుక్క నొక్కాలి, ఆగితే ఎర్రచుక్క. యజమానులు మురిసిపోయారు.

పాత కాగితం చివర ‘విశేషాలు’ అని ఒక గడి ఉండేది. సూపర్‌వైజర్లు అందులో తమకు తోచింది రాసేవారు. మాటల్ని చుక్కలుగా మార్చడం కుదరదని ఇలియాస్ ఆ గడి తీసేశాడు.

ఒకరోజు సూపర్‌వైజరు ఓబులేసు ఇలియాస్ టేబులు దగ్గరికి వచ్చాడు. పత్తిని బేళ్లుగా అదిమే ప్రెస్సు అతని చేతి కింద నడిచేది.

“సార్, ప్రెస్సు శబ్దం తేడాగా ఉండాది. ఏమో, ఇదీ అని చెప్పలేను. మనసు ఒప్పల్యా. యాడ రాయాల?”

“నడుస్తోందా, ఆగిందా, ఓబులేసన్నా?”

“నడుస్తాండాది.”

“అయితే పచ్చది నొక్కు.”

ఓబులేసు ఇంకేదో అనబోయాడు. ఇలియాస్ కళ్లు అప్పటికే తెర మీదికి తిరిగిపోయాయి. అది చూసి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ప్రెస్సు పైభాగం విరిగి అతని మీద పడింది. పడే క్షణం దాకా చుక్క పచ్చగానే ఉంది.

విచారణ జరిగింది. రిపోర్టుల్లో ఏ లోపమూ లేదని తేల్చారు. పై అధికారి ఇలియాస్ భుజం తట్టాడు కూడా. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతన్ని తినేస్తోంది. తనంతట తానే విశేషాల గడిని మళ్లీ పెట్టాడు. అయినా ముద్ద దిగలేదు.

చివరికి కొండకింది దర్గాలో ఉండే తన గురువు నూరుల్లా సాహెబు దగ్గరికి వెళ్లాడు.

ముసురు పట్టిన సాయంత్రం. సాహెబు వసారాలో కూర్చుని చిరిగిన దుప్పటికి కుట్టు వేసుకుంటున్నాడు.

“హజ్రత్, మనసు బాగోలేదు. మా మిల్లులో...”

సాహెబు చెయ్యెత్తి ఆపాడు.

“బాధ ఉందా, లేదా?”

“ఉంది. కానీ అది ఎలా జరిగిందంటే...”

“ఉందన్నావుగా. చాలు.”

పక్కకు తిరిగి మళ్లీ సూదిలోకి దారం ఎక్కించుకోసాగాడు.

ఇలియాస్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోతున్న ఓబులేసు వీపు కళ్ల ముందు మెదిలింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

సాహెబు దుప్పటి పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు. నీళ్లచెంబు అందించాడు.

“ఇప్పుడు చెప్పు బేటా.”

ఇలియాస్ అంతా చెప్పాడు. చెప్పిందే మళ్లీ చెప్పాడు. సాహెబు ఎక్కడా అడ్డు రాలేదు.

“అతని ఇంట్లో ఎవరున్నారు?” అన్నాడు సాహెబు.

“భార్య. సుంకమ్మ.”

“ఎట్లా ఉంది?”

“పరిహారం అందింది హజ్రత్. ఆమె సంతకం కూడా...”

మాట మధ్యలోనే ఇలియాస్ ఆగిపోయాడు.

సాహెబు లేచి, గుంజకు తగిలించిన తన గొడుగు తీసి అతని చేతికిచ్చాడు.

ఇలియాస్ చెప్పులు వేసుకుని, సుంకమ్మ ఉండే మిల్లు కూలీల పేట దారి పట్టాడు.