కొలువులో దంచిన శొంఠిపొడి

ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టి ఉండే ఒకానొక కొండరాజ్యాన్ని కనకసేనుడనే రాజు ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నది. రాజుగారి బిరుదులు మాత్రం చాలా పొడుగు. కొలువు తీరగానే ఆ బిరుదులు చదవడానికి ఎక్కడైనా వందిమాగధులుంటారు. కనకసేనుడికి వాళ్ళ గొంతులు నచ్చేవి కావు. తన బిరుదులు తానే చదువుకునేవాడు. చదివినంతసేపూ సభంతా లేచి నిలబడి, కాళ్ళు పీకుతున్నా కదలకుండా వినేది.

ఆ కొలువులో ఆదెప్ప అనే మాటకారి ఉండేవాడు. రాజుగారితో ఎవరికి ఏ పని పడినా ముందు ఆదెప్ప ఇంటికే వచ్చేవారు. కనకసేనుడు తిన్నగా అడిగితే కసురుకుంటాడు, నవ్విస్తే మెత్తబడతాడు. ఆ కిటుకు ఆదెప్పకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ రాజ్యంలో వానలు మొదలవుతున్నాయంటే ప్రతి ఇంట్లోనూ కషాయప్పొడి దంచుకునేవారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, ధనియాలు, వాము. పాళ్ళు మాత్రం ఏ ఇంటివి ఆ ఇంటివే. పొద్దున్నే చెంబెడు నీళ్ళలో చెంచాడు పొడి, చిన్న బెల్లం ముక్క వేసి మరిగించి తాగితే ఆ చలిలో ప్రాణం లేచి వచ్చేది. బాలింత ఉన్న ఇంట్లో అయితే అన్నం కంటే ముందు ఆ పొడి సిద్ధంగా ఉండాల్సిందే.

ఒకనాడు కనకసేనుడు పొరుగురాజు కొడుకు పట్టాభిషేకానికి బయలుదేరాడు. అంబారీ ఎక్కి కూర్చున్నాడు. పురోహితుడు నారణభట్టు కళ్ళు మూసుకుని ముహూర్తశ్లోకం ఎత్తుకున్నాడు. సరిగ్గా అదే సమయానికి, కోట వీధిలో కాపురముండే మల్లసాని అనే ఆవిడ నెలలు నిండిన కూతురి కోసం పెరట్లో శొంఠీ మిరియాలూ దంచుతోంది. గాలి ఇటు తిరిగింది. నారణభట్టు శ్లోకం మధ్యలో ఆగి, కోట అదిరేలా తుమ్మాడు.

ఒంటి తుమ్ము! ప్రయాణానికి అంతకంటే అపశకునం ఏముంది? రెండో తుమ్ము కలిస్తే దోషం పోతుంది కదా అని మంత్రులంతా భట్టు చుట్టూ మూగారు.

"ఇంకొక్కటి తుమ్మండి భట్టుగారూ! మీకు పుణ్యముంటుంది," అని బతిమాలారు.

పాపం, నారణభట్టు తన శాయశక్తులా ప్రయత్నించాడు. సూర్యుడి వంక చూశాడు. ముక్కులో గడ్డిపరక పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గాని తుమ్ము రాలేదు. ఇక చేసేది లేక రాజు అంబారీ దిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాడు.

దారిలో ఏనుగు బురదలో దిగబడింది. కనకసేనుడు చేరేసరికి ముందు వరసల ఆసనాలన్నీ నిండిపోయాయి. వెనకాల ఒక ఉప్పువర్తకుడి పక్కన చోటు చూపించారు. బిరుదులు చదవమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

రాజు తల కొట్టేసినట్టయి తిరిగి వచ్చాడు. వచ్చీ రాగానే, "ఎవరిదీ తప్పు?" అని గర్జించాడు.

"తుమ్మింది భట్టుగారు, ప్రభూ," అన్నారు మంత్రులు.

అయితే రాజుకు భట్టుతో రేపు మళ్ళీ పని ఉంటుంది. అందుకని ఆలోచించి ఇలా తీర్పు చెప్పాడు:

"తుమ్ము ఎవరి చేతుల్లో ఉంటుంది? తుమ్మినవారిది నేరం కాదు. తుమ్మించినవారిదే నేరం!"

సభ "ఆహా!" అంది. మల్లసానిని చెరలో పెట్టారు. ఇకపై నగరంలో ఎవరూ ఘాటు దినుసులు దంచకూడదని చాటింపు వేయించారు. భటులు ఇల్లిల్లూ తిరిగి రోకళ్ళు ఎత్తుకుపోయారు. రోకళ్ళ మీద పగబట్టిన రాజు ఈ భూమ్మీద ఆయనొక్కడేనేమో.

ఆదెప్ప చెరసాలకు వెళ్ళాడు. మల్లసాని అతని వీధి మనిషే. అతను ఆమెను అక్కా అని పిలిచేవాడు.

"తమ్ముడూ, నన్ను విడిపించమని అడగను," అంది ఆమె ఊచల వెనక నుంచి. "మా కోనమ్మకు నేడో రేపో నొప్పులొస్తాయి. మొగుడు సరిహద్దులో కాపలాకి పోయాడు. పిల్లకి మొదటి నుంచీ ఒంట్లో వేడి చాలదు. ఆ పొడి ఒక్కటి అందేలా చూడు. శొంఠిని నేతిలో వేయించి ముందు నలగ్గొట్టాలి. మిరియాలూ పిప్పళ్ళూ సమానం. ధనియాలు వాటికి రెట్టింపు, దోరగా వేయించి ఆఖర్న కలపాలి. పల్చటి బట్టలో జల్లించాలి. మీ ఇంట్లో దంచించి పంపలేవూ?"

"రోకటిపోటు వీధి చివరిదాకా వినపడుతుందక్కా. ఘాటు అంతకంటే దూరం పోతుంది. నన్నూ పట్టుకుంటారు," అన్నాడు ఆదెప్ప. "రాజుగారిని ఇప్పుడు అడిగితే ఇంకా బిగుసుకుంటాడు. సమయం చూసి నవ్విస్తాను. నువ్వు దిగులు పడకు."

ఆదెప్ప అబద్ధం చెప్పలేదు. అయితే అతనికి రాజుగారి కోపమంటే భయం. చమత్కారం చేసేవాళ్ళకు భయం ఉండదని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళకే ఎక్కువ ఉంటుంది, లేకపోతే ఆ చుట్టుతిరుగుడు మాటలెందుకు?

ముసురు పట్టింది. నగరమంతా దగ్గు మొదలైంది. కషాయం లేక వేణ్ణీళ్ళతోనే సరిపెట్టుకున్నారు జనం. కోనమ్మ ఆడపిల్లను కంది. కన్న మర్నాటి నుంచి చలిజ్వరం. ఇరుగమ్మలు కుంపటి పెట్టారు, కంబళ్ళు కప్పారు. పొడి ఎవరి దగ్గరా లేదు.

ఆదెప్ప సమయం కోసం చూస్తూనే ఉన్నాడు. రాజు ముఖం ఒకనాడు చిటపటలాడుతూ ఉండేది, ఇంకోనాడు ముటముటలాడుతూ ఉండేది. తగిన రోజు రాలేదు.

చివరికి రాజుకే జలుబు చేసింది. అదీ తన పట్టాభిషేక వార్షికోత్సవం ముంగిట. ఆ రోజు సామంతులంతా వస్తారు, వాళ్ళ ముందు బిరుదులు చదవాలి. నోరు తెరిస్తే పిల్లికూత తప్ప ఏమీ రావడం లేదు. ఆస్థాన వైద్యుడు తేనె నాకించాడు, కలకండ చప్పరించమన్నాడు, గొంతుకు గంధం పట్టించాడు. గొంతు ఇంకా మూసుకుపోయింది.

అప్పుడు ఆదెప్ప ముందుకు వచ్చి, "ప్రభూ, ఒక పొడి ఉంది. దాని కషాయం పుచ్చుకుంటే గొంతు విచ్చుకుంటుంది," అన్నాడు.

"అయితే... దంచించు," అన్నాడు రాజు పీలగా.

"ఎలా దంచించను ప్రభూ? నగరంలో ఎవరూ దంచకూడదని తమ శాసనం."

రాజు ఇబ్బందిగా కదిలాడు. "మా నోట వచ్చిన మాట వెనక్కి తీసుకోవడం... మా వంశంలో లేదు."

"తీసుకోనక్కర్లేదు. శాసనం ప్రజలకే గాని, చేసినవారికి కాదు గదా! ఈ నగరంలో రోకలి పట్టే అధికారం తమకొక్కరికే ఉంది."

అధికారమనే మాట చెవిన పడితే కనకసేనుడు ఏ పనికైనా సిద్ధమే. "మాకొక్కరికేనా?" అన్నాడు.

"తమకొక్కరికే. ఇంకెవరి తరమూ కాదు."

నిండుకొలువులో రోలు పెట్టారు. రోకలికి పట్టుగుడ్డ చుట్టారు. ఆదెప్ప పాళ్ళు చెబుతుంటే వంటవాళ్ళు దినుసులు వేయించి రోట్లో పోశారు. రాజు కిరీటం సర్దుకుని, ఉత్తరీయం నడుముకు బిగించి, దంచడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పోటుకూ సభ జయజయధ్వానాలు చేసింది. పరాక్రమం ఎక్కువైన కొద్దీ పొడి ఎగిరింది.

మొదట మహామంత్రి తుమ్మాడు. తర్వాత సేనాపతి, ఆస్థాన వైద్యుడు, వింజామర వీచే పిల్లలు. వరసలు వరసలుగా సభంతా తుమ్మింది. నారణభట్టు ఒకటి తుమ్మి, వెంటనే రెండోది కూడా తుమ్మి, "ప్రభూ, వచ్చింది! రెండోది వచ్చింది!" అని సంబరంగా కేకపెట్టాడు.

సందడి కాస్త తగ్గాక ఆదెప్ప ముక్కు తుడుచుకుని చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, చిన్న సందేహం. తుమ్మినవారిది నేరమా, తుమ్మించినవారిదా?"

రాజు చేతిలో రోకలి ఆగిపోయింది.

"తీర్పు తమదే కాబట్టి మళ్ళీ అడగడం నా తప్పే," అన్నాడు ఆదెప్ప వినయంగా. "ఇంతమంది చేత తుమ్మించినవారిని చెరలో పెట్టాలి గదా. కానీ మన చెరలో ఉన్నది ఒక్కటే గది. అందులో ఒక ఆడమనిషి ఉంది. ఏలినవారికి అక్కడ ఇరుకవుతుంది. సెలవైతే ఆమెను ఇంటికి పంపేసి, గది ఊడ్పించి, పరుపు వేయిస్తాను."

రాజు ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు. ఏమనేవాడో గాని, ఆ క్షణంలో ఆయనకే తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకు కిరీటం జారి రోట్లో పడింది. గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. కనకసేనుడు పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాక సభా నవ్వింది.

"మమ్మల్నే చెరలో పెట్టించేవాడివే! ఆ ఆడమనిషిని వదిలేయండి. శాసనం రద్దు!" అంటూ మెడలోని ముత్యాలహారం తీసి ఆదెప్ప మెడలో వేశాడు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇక్కడితో ఆపేసి చేతులు దులుపుకుంటారు. నాకు అలా ఆపబుద్ధి కాదు.

చెర విడిపించడమంటే శుభకార్యం గదా. నారణభట్టు వేళ్ళు మడిచి లెక్కవేసి, "ఈ పూట వర్జ్యం. రేపు పొద్దుపొడిచాక దివ్యంగా ఉంది," అన్నాడు. రాజు సరేనన్నాడు. ఆదెప్ప కూడా తల ఊపాడు. ఒక్క రాత్రిలో ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం రాజు కషాయం పుచ్చుకుని బిరుదులన్నీ రెండుసార్లు చదివాడు. సాయంత్రం విందు జరిగింది. విందులో ఆదెప్ప చేత జరిగినదంతా మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ప్రతిసారీ కొత్తగా నవ్వారు.

మర్నాడు పొద్దుపొడిచాక మల్లసానిని వదిలారు. ఆమె పరుగున ఇంటికి వెళ్ళేసరికి కోనమ్మను నట్టింట్లో నేల మీద పడుకోబెట్టి ఉన్నారు. తెల్లవారుతుండగా పోయిందట. ఆ పొడి అందితే బతికేదని నేను చెప్పలేను. తల్లి పక్కనుంటే మాత్రం అలా అమ్మా అమ్మా అని కలవరించి పోయేది కాదు.

సంగతి తెలిసి ఆదెప్ప వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. మల్లసాని వసారాలో కూర్చుని ఉంది. ఒళ్ళో పసిగుడ్డు నిద్రపోతోంది. ఆదెప్ప మెడలోని హారం తీసి మూట కట్టి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాని వంక చూడలేదు.

"రాజుగారి చేతే దంచించావటగా తమ్ముడూ," అంది.

"అవునక్కా."

"నేను చెప్పిన పాళ్ళేనా?"

"అవే."

"ఎంత దంచారు?"

ఆదెప్ప తల వంచుకుని, "పెద్ద రోలు. సోలెడు పైనే అయింది," అన్నాడు.

"రాజుగారికి ఎంత పట్టింది?"

"చెంచాడు."

"మిగతాది?"

"అలాగే రోట్లో ఉండిపోయిందక్కా."

మల్లసాని పసిదాని మీద గుడ్డ సర్దింది. ఆమె గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"నిన్న దీపాలవేళ వరకూ పిల్ల తెలివిగానే ఉందట తమ్ముడూ. నీళ్ళు పోస్తే తాగిందట. చిటికెడు పొట్లం కట్టి ఎవరి చేతనైనా పంపలేకపోయావా?"

"నాకు తోచలేదక్కా," అన్నాడు ఆదెప్ప.