ఉలి తగలని చోటు

“నువ్వడిగింది ప్రశ్న కాదురా, అనుమతి. ప్రశ్నయితే జవాబు చెప్పేవాణ్ణి. తప్పు దాచుకోవడానికి అనుమతి కావాలంటే మరో గురువును వెతుక్కో.”

పాలకొండ దారిలోని చిన్న మఠంలో పరదేశిస్వామి తన శిష్యుడు వైకుంఠంతో ఈ మాట అన్నారు. ఆయనకు కోపం రావడం అరుదు. వచ్చినా గొంతు పెరగదు, మాటలు తగ్గుతాయి.

వైకుంఠం అడిగింది ఇది: “గురువుగారూ, ఒక మనిషి వల్ల ఒక పొరపాటు జరిగిందనుకోండి. బయటపెడితే అందరికీ మనసు కష్టం. పెట్టకపోతే ఆ ఒక్కడికే కష్టం. నోరు మూసుకుని తనలో తనే మోసుకునేవాడిది ఒకవిధంగా త్యాగమే కదా?”

ఆ ముందురోజే మఠంలో నీళ్ళ మోటారు కాలిపోయింది. బావిలో నీళ్ళు అడుగంటాయని చూడకుండా ఎవరో దాని స్విచ్చి వేసి వదిలేశారు. నింద వంటమనిషి అసిరయ్య మీద పడింది. అతను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తెల్లారితే వెళ్ళిపోవడానికి వంటింటి వెనక మూట కట్టుకుంటున్నాడు. మోటారు వేసిందెవరని గురువుగారు ఎవరినీ అడగలేదు. వైకుంఠాన్నీ అడగలేదు. కూర్చోమని చెప్పి, తాను ఎరిగిన ఒక సంగతి చెప్పారు.

ఒక పట్టణంలో పెద్దాసుపత్రి ఎదురుగా పాత సత్రం ఉండేది. రోగుల వెంట వచ్చినవాళ్ళు అందులో తల దాచుకునేవారు. సత్రం నడిపే కామేశ్వరమ్మగారు దాన్ని బాగుచేయించడానికి పూనుకుని, గోడల పని జోగులు మేస్త్రికీ, కరెంటు పని దాలినాయుడికీ అప్పగించింది. వాళ్ళిద్దరూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు. చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు. అయినా ఊహ తెలిసినప్పటినుంచి ఒకణ్ణొకడు “బావా” అనే పిలుచుకునేవారు. ఆ వరసకు ఆ పిలుపు తప్ప వేరే ఆధారం లేదు.

జోగులు చేతి నునుపుకు ఆ చుట్టుపక్కల పేరు. అతను పూసిన గోడ కనబడితే జనం అరచేత్తో రాసి చూసేవారు. సత్రం వసారా పొడవునా ఒకే గోడ, మీటరు పెట్టె దగ్గరనుంచి చివరి గదులదాకా. ముందు దాలినాయుడు ఆ గోడలో పైపులు పాతి తీగలు లాగాడు. తరువాత జోగులు పైన పూత పూశాడు. అద్దంలా వచ్చింది. తన పనిలో అంత బాగా వచ్చిన గోడ మరొకటి లేదని అతనే అనుకున్నాడు.

పని ముగిసి సామాను సర్దుకునే వేళ కామేశ్వరమ్మగారు దేవుడి పటానికి ఒక కొక్కెం బిగించమంది. జోగులు ఉలి పెట్టి కొట్టాడు. ఉలి పైపులోకి దిగింది. లోపల ఒక తీగ తెగింది. కరెంటు ఇంకా ఇవ్వలేదు కాబట్టి నిప్పురవ్వా లేదు, చప్పుడూ లేదు. చూసింది అతనొక్కడే. చెబితే అక్కడ గోడ మళ్ళీ పగలగొట్టాలి, అతుకు కనబడుతుంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. కన్నంలో సిమెంటు కుక్కి, పైన తాపీ ఆడించి, కొక్కెం కాస్త పక్కకు బిగించి ఇంటికి పోయాడు.

మర్నాడు కరెంటు ఇచ్చారు. మీటరు దగ్గరి దీపం వెలిగింది. చివరి గదుల్లో ఒక్కటీ వెలగలేదు. వింత ఏమిటంటే, అక్కడి ప్లగ్గులో దాలినాయుడు టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలిగింది. మామూలుగా ఒకదానిలోనే వెలగాలి. చూడవచ్చినవాళ్ళకు ఏమీ బోధపడలేదు.

“రెండింట్లోనూ కరెంటుందంతావు, దీపం మాత్రం ఎలగదంతావు. ఎక్కువైపోయి కళ్ళు తిరిగి పడిపోనాదేటి?” అన్నాడొక ముసలాయన. అందరూ నవ్వారు. దాలినాయుడు నవ్వకుండా కామేశ్వరమ్మగారి వైపు తిరిగాడు.

“పోయే తీగ బాగానే ఉందమ్మా. తిరిగొచ్చే తీగ తెగింది. వెళ్ళిన కరెంటు తిరిగి రాడానికి దారి లేక అక్కడే నిలబడిపోయింది. రెండు పక్కలా కనబడతాది గానీ పని చెయ్యదు.”

“ఎక్కడ తెగింది?” అంది కామేశ్వరమ్మగారు.

“గోడలో. గోడలో ఎక్కడో తెలీదు.”

తీగను లాగి చూశాడు. రాలేదు. లోపల దాన్ని ఏదో పట్టుకుని ఉంది. కామేశ్వరమ్మగారికి ఈ రాకపోకల లెక్క అర్థం కాలేదు. జనం చెవిలో వేసిన మాట మాత్రం అర్థమైంది. “మంచి తీగ పేరు చెప్పి నాసిరకం వేశావేమో అంటున్నారు నాయుడూ. నేననడం లేదు, అంటున్నారు. సత్రం తెరిచేలోగా దీపాలు వెలగకపోతే ఇంక ఈ గడప తొక్కకు.”

ఆ మాట ఊళ్ళో పాకితే మరి ఏ ఇంటివాళ్ళూ తమ గోడమీద అతన్ని చేయి వెయ్యనివ్వరు. అతనికి వచ్చిన పని అదొక్కటే.

దాలినాయుడు జోగుల్ని పక్కకు పిలిచాడు. “బావా, పైపు దారిలో ఎక్కడైనా ఉలి పెట్టావేటి? పెడితే చెప్పు. అక్కడొక్కచోట కొట్టి అతుకేసుకుంటాను. ఎవరికీ చెప్పనులే.”

తప్పు చేసినవాడికి ఇంతకన్నా సులువైన దారి ఎవరూ చూపించరు. జోగులు దాన్ని కాలదన్నాడు.

“నానెందుకెడతాను బావా? నీ తీగే సూసుకో.”

దాలినాయుడు మెయిన్ తీసేసి ఉలి పట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. “ఆ మూల సూడు బావా, వంపు కాడ తీగలు నలుగుతాయి” అన్నాడు జోగులు. దాలినాయుడు కొట్టాడు. అక్కడ తీగ బాగుంది. “కిటికీ పక్క సూడు, తడి తగిలుంటాది.” అక్కడా బాగుంది. “మరైతే ఈ పక్కేమో.” జోగులుకు తానేం చేస్తున్నదీ తనకే తెలియడం లేదు. తన చేత్తో పూసిన గోడను తన వేలితోనే చూపించి పగలగొట్టిస్తున్నాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా పళ్ళు బిగించేవాడు. నిజం నోటిదాకా వచ్చేది. ఇంత గోడ పాడయ్యాక చెబితే ముందే ఎందుకు చెప్పలేదంటారని మళ్ళీ మింగేవాడు. మింగినప్పుడల్లా మరో చోటు చూపించేవాడు. దాలినాయుడు అనుమానం లేకుండా అక్కడ కొట్టేవాడు. బావ చెప్పాడు కదా.

చివరకు గోడంతా మశూచి పోసిన మొహంలా తయారైంది. మధ్యాహ్నం కామేశ్వరమ్మగారు మజ్జిగ తెప్పించింది. ముగ్గురూ ఎదురుగా అరుగుమీద కూర్చుని గోడనే చూస్తున్నారు. ఉన్నట్టుండి దాలినాయుడు గ్లాసు కింద పెట్టాడు.

పైపు దారి పొడవునా గంట్లే. దేవుడి పటం పక్కన ఒక్క జానెడు చోటు మాత్రం అద్దంలా మెరుస్తోంది. జోగులు వేలు గోడంతా తిరిగింది, అక్కడికి మాత్రం వెళ్ళలేదు.

కామేశ్వరమ్మగారు కూడా అటే చూసింది. తరువాత జోగుల్ని చూసింది. జోగులు తల వంచుకున్నాడు.

దాలినాయుడు లేచి ఉలీ సుత్తీ తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

“అది మీరే కొట్టండి మేస్త్రిగారూ” అన్నాడు.

జోగులు కొట్టాడు. సిమెంటు ముద్ద రాలింది. తెగిన తీగ కొనలు బయటపడ్డాయి. దాలినాయుడు వాటిని కలిపి గట్టిగా అతుకువేసి, టేపు చుట్టి, మెయిన్ వేశాడు. చివరి గదులన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

గురువుగారు ఇక్కడికి చెప్పి ఆపారు. వైకుంఠం, “జోగుల్ని పనిలోంచి తీసేశారా?” అని అడిగాడు.

“లేదు. ఆ గోడ అతనే మళ్ళీ పూశాడు. అతుకులు తెలిసిపోయేవి, అంతే. ఊళ్ళో పనులూ తగ్గలేదు.”

“దాలినాయుడు తగువు పెట్టుకున్నాడా?”

“ఎందుకు పెట్టుకుంటాడు? ఎదురైతే నమస్కారం పెట్టేవాడు. జోగులు ఇంట్లో శుభకార్యమైతే పందిరికి దీపాలు కట్టాడు. ముసలితనంలో జోగులు మంచాన పడితే ఆసుపత్రికి తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాడు. ‘ఎలాగున్నారు మేస్త్రిగారూ’ అని రోజూ అడిగేవాడు. పోయేముందు జోగులు అతని చెయ్యి పట్టుకున్నాడు. ‘ఒక్కసారి బావా అనవేటి’ అన్నాడు. ‘అలాగే మేస్త్రిగారూ’ అన్నాడు దాలినాయుడు. అనాలనే అనుకున్నాడు పాపం. నోరు తిరగలేదు.”

వైకుంఠానికి ఎటూ తోచలేదు. దెబ్బలాట ఉంటుందనుకున్నాడు, లేదు. క్షమాపణ ఉంటుందనుకున్నాడు, అదీ లేదు. “గారు అని మర్యాదగా పిలిస్తే అది శిక్ష ఎలా అవుతుంది గురువుగారూ? నాకు తికమకగా ఉంది.”

వంటింటి వెనక అసిరయ్య మూట ముడి బిగిస్తున్న చప్పుడు వినబడింది. గురువుగారు అటు చూసి, ఇటు తిరిగారు.

“ఇన్నేళ్ళూ నిన్ను ఒరే అన్నాను. అసిరయ్య గడప దాటాక ఏమని పిలవమంటారు, వైకుంఠంగారూ?”