వలపట ఖాళీ

ఆఫ్రికా అంటే చిన్న చోటా! ఒక మూల వానకి మట్టి నానుతుంటే ఇంకో మూల ఇసుక పెనంలా కాగుతుంటుంది. అంత చోట ఉన్న జంతువులన్నీ దేశాలుగా విడిపోయి, రెండేళ్లకోసారి ఒక్క మైదానంలో చేరి ఫుట్‌బాల్ ఆడతాయి. బంతిని గిజిగాళ్లు గడ్డితో అల్లుతాయి. ఈల ఊదేది కొంగ. ఆటలు సాగినన్నాళ్లూ ఎవరూ ఎవర్నీ తినకూడదని ఒట్టు. ఆఖరాట రోజు పొద్దుగూకేదాకా ఆ ఒట్టు చెల్లుతుంది. ఆ తర్వాత ఎవరి ఆకలి వాళ్లది. కప్పు గెలిచిన దేశంలోకి మాత్రం ఏడాదిపాటు పంజా ఉన్నదేదీ అడుగుపెట్టకూడదు.

ఆ ఏడు ఏనుగుల జట్టు బంతిని తొక్కి పచ్చడి చేసి ఓడిపోయింది. డేగలు బంతిని కాళ్లతో పట్టుకుని ఎగిరిపోతుంటే కొంగ ఈల మీద ఈల ఊది ఇంటికి పంపించింది. తేళ్ల దగ్గరికి ఎవరూ పోలేదు గానీ, బంతి కూడా పోలేదు. చివరికి మిగిలినవి సింహాల దేశం, గిట్టల దేశం.

గిట్టల దేశంలో ఆడలేళ్లన్నీ చూలుతో ఉన్నాయి. తొలివాన పడగానే ఈతలు. కప్పు వచ్చిందా, పుట్టిన కూన లేచి నిలబడి నాలుగడుగులు వేస్తుంది. రాలేదా, సింహాలు ఏరు దాటి వస్తాయి. ఈ సంగతి ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే గిట్టల జట్టులో గోలు కాసే గోలీకి కాలివేలు విరిగింది. అది నిప్పుకోడి. గిట్టల్లేకపోయినా పొడుగు కాళ్లు చూసి చేర్చుకున్నారు. దాని బదులు మైలయ్యని నిలబెట్టారు. మైలయ్య ముసలి దుక్కిటెద్దు. యజమాని ట్రాక్టరు కొనుక్కుని వదిలేస్తే, తిరిగి తిరిగి గిట్టల దేశం చేరాడు.

"నాకు నాగలి తెలుసు గానీ గోలు తెలీదమ్మాయ్," అన్నాడు మైలయ్య.

"గుంజల మధ్య నిలబడు మామా, చాలు. సగం గోలుని నీ ఒళ్లే మూసేస్తుంది," అంది కెప్టెన్ చారుమతి. ఒంటినిండా చారలున్న జీబ్రా, మాటలో మాత్రం ఒక్కటే గీత.

మిగిలిన సగం మాటేమిటని మైలయ్యకి బెంగ పట్టుకుంది. ఆట రోజు పొద్దున గడ్డి తిన్నాడు గానీ నెమరు రాలేదు. గొంతులో ముద్ద ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

అప్పుడొచ్చాడు తీపయ్య. సింహాల వెనక తిరిగే నక్క. నోట్లో పచ్చగడ్డి పట్టుకొచ్చి మైలయ్య ముందు పెట్టాడు.

"ఏం అన్నా, నెమరు వేయడం లేదే?"

"ఆకలి లేదు తమ్ముడూ."

"నీ మెడ మీద మచ్చ చూసి ఆగాను. కాడి మచ్చేనా?"

మైలయ్య కళ్లెత్తి చూశాడు. ఆ మచ్చ గురించి అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు.

"కాడిదే. పన్నెండేళ్లు మోశాం, నేనూ మా పుల్లోడూ. నేను దాపటెద్దుని, వాడు వలపట. పోయాడు పాపం."

"దాపటంటే ఎడమ పక్క, వలపటంటే కుడి పక్క. అంతేగా?"

"అంతే. మలుపు దగ్గర వాడికి చోటు చాలదని నేను దాపటికి ఒరిగేవాణ్ణి. ఇప్పుడు వాడు లేడు, కాడీ లేదు. అయినా చూడు, కంగారు పుడితే చాలు, ఒళ్లు దానంతటదే దాపటికి ఒరిగిపోతుంది. వలపటంతా ఖాళీ."

"అయ్యో, ఎంత ప్రేమ అన్నా మీది!" అని తీపయ్య కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే తిన్నగా జూలుదొర దగ్గరికి పరిగెత్తాడు. జూలుదొర సింహాల కెప్టెన్.

"మహారాజా, పెనాల్టీ గనక వస్తే ఇంకేం చూడకండి. కుడికి కొట్టండి. కుడివైపు ఖాళీ. ఎద్దు నోటితోనే చెప్పించాను."

"కుడేనా?"

"కుడే! తప్పయితే నన్ను తినేయండి."

"గుర్తుంచుకుంటాను," అన్నాడు జూలుదొర.

పొదల్లోంచి పోతున్న నక్క తోక చారుమతి కంటపడింది. తను చక్కా మైలయ్య దగ్గరికి వచ్చింది.

"మామా, వాడితో ఏం మాట్లాడావ్?"

మైలయ్య చెప్పాడు. చెబుతూ ఉండగానే తనేం చేశాడో తనకే తెలిసొచ్చింది.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోగలమా మామా!" చారుమతి చెవులు వెనక్కి వాల్చింది. కోపమో భయమో తెలీదు. "సరే విను. వాళ్లు నీ వలపటికే కొడతారు. కొట్టే క్షణంలో వలపటికి దూకు. దాపటికి ఒరిగావా, మన లేళ్లు..." అని ఆగిపోయింది.

"దూకుతానమ్మాయ్. వలపటికే."

ఆట మొదలైంది. మైలయ్యకి ఆట కనపడితేగా! వలపట, వలపట అని లోలోపలే అనుకుంటూ నిలబడ్డాడు. చారుమతి గోలు కొట్టినప్పుడు కూడా అందరూ ఎగురుతుంటే తను మాత్రం పొద్దు ఎంత వాలిందో చూశాడు. ఇంకా చాలా ఉంది.

ఒకటి సున్నాతో ఆట ఆఖరికొచ్చింది. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే కప్పు గిట్టలదే. అప్పుడు గాల్లోంచి వచ్చిన బంతి సరాసరి మైలయ్య గోలు ముందున్న మగలేడి కొమ్ముకి గుచ్చుకుంది. పాపం, అది తల విదిలిస్తుంది, బంతి రాదు.

కొంగ ఈల ఊదింది. "కొమ్ము తగిలింది. పెనాల్టీ!"

పెనాల్టీ అంటే ఇంకెవరూ అడ్డుండరు. కొట్టేవాడు ఒకడు, ఆపేవాడు ఒకడు. గోలైతే ఆట ఇంకో అరగంట పొడిగిస్తారు. గిట్టలవాళ్లకి అరగంట కాదు, అర నిమిషం ఆడే ఊపిరి కూడా లేదు.

జూలుదొర బంతి దగ్గరికి వచ్చి ఆవులించాడు. అన్ని పళ్లూ కనిపించాయి. గట్టు మీద చూలు లేళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. అందులో ఒక్కటీ చెవి కదపలేదు.

"సరిగ్గా మధ్యలో నిలబడు," అంది కొంగ.

మైలయ్య నిలబడ్డాడు. వలపట. వలపటికే దూకాలి. ఒరే పుల్లోడా, ఈ ఒక్కసారికి నీ చోట్లోకి రానివ్వరా.

జూలుదొర నాలుగడుగులు వెనక్కి వేసి పరిగెత్తుకొచ్చాడు. మైలయ్య వలపటికి దూకాలనే కాలు ఎత్తాడు. కానీ పన్నెండేళ్ల కాడి, మాట వింటుందా? గుండె దడదడలాడేసరికి ఒళ్లు దానంతటదే దాపటికి ఒరిగిపోయింది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుని కళ్లు మూసుకున్నాడు.

దబ్బుమని బంతి వచ్చి డొక్కలో తగిలింది.

మైలయ్య కళ్లు తెరిచాడు. బంతి కాళ్ల దగ్గర దొర్లుతోంది. దాన్ని ఏం చేయాలో తెలీక, పాత అలవాటు కొద్దీ, వాసన చూశాడు. ఈలోగా కొంగ ఆట ముగిసిందని పొడుగ్గా ఈల వేసింది.

చారుమతి దుముకుతూ వచ్చింది. "వలపటికి దూకమంటే దాపటికి ఒరిగావేం మామా!"

"దూకాలనే అనుకున్నానమ్మాయ్. బంతి ఇటెందుకొచ్చింది?"

చారుమతి ఒకసారి మైలయ్యని, ఒకసారి ఎదురుగా ఉన్న జూలుదొరని చూసింది. ఉన్నట్టుండి సకిలించి నవ్వింది. "నువ్వు వాడికి ఎదురుగా నిలబడ్డావు మామా! నీ దాపటే వాడికి కుడి!"

అవతల జూలుదొరకి ఆ మాట వినపడింది. మెల్లగా నక్క వైపు తిరిగాడు.

"కుడికి కొట్టమన్నావు. కొట్టాను."

"మహారాజా, నేను చెప్పింది ఎద్దు కుడి..."

"నా కాలికి ఎద్దు కుడి ఎందుకురా?"

"చిన్న పొరపాటు మహారాజా. తిరగేసి చూసుకోవాల్సింది..."

"తప్పయితే తినేయమని కూడా అన్నావు," అన్నాడు జూలుదొర, మళ్లీ ఆవులిస్తూ. "తొందరేం లేదు. పొద్దుగూకనీ. ఒట్టు ఒట్టే."

మైలయ్య గొంతులో ముద్ద అప్పటికి కరిగింది. మైదానం అంచున పడుకుని, వలపటి వైపు ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి, తీరిగ్గా నెమరు వేసుకున్నాడు. లేళ్లు ఒక్కొక్కటే ఏరు దాటి ఇంటిదారి పట్టాయి.

వాటి వెనకే తీపయ్య ఏటి దాకా పరిగెత్తాడు. అవతలి గట్టున చారుమతి అడ్డంగా నిలబడి ఉంది.

"అమ్మా, తల్లీ, ఈ ఒక్కరాత్రికి దాటనీ!"

"పాదం చూపించు బాబాయ్," అంది చారుమతి.

తీపయ్య తన పాదం చూసుకున్నాడు. పంజా. తలెత్తి పడమటికి చూశాడు. పొద్దు ఇంకా జానెడుంది.

ఎదుటివాడి లోటు తెలుసుకోగానే సరిపోదు, అతని పక్కన నిలబడి చూస్తేనే అది ఏ వైపుందో తెలుస్తుంది.