ఒక్కటే ఉన్న పెట్టె

శ్రీశైలం రెండుసార్లు ఓడిపోయాడు. రెండుసార్లూ హైదరాబాదులోనే, స్టార్టప్ పోటీల్లోనే. ఈ మూడోదీ పోతే సిరిసిల్లలోని షెడ్డుకు తాళం వేసి ఏదో ఒక కంపెనీలో చేరాల్సిందే.

అతను తయారుచేసింది ఫ్రీజర్ పెట్టె. దూరాన ఉన్న సొంతవాళ్లు వచ్చేదాకా శవాన్ని ఉంచే పెట్టె. కరెంటు పోయినా పద్దెనిమిది గంటలు చల్లగా ఉంటుంది. ఇప్పటికి ఒక్కటే చేయగలిగాడు.

పోటీకి ముందురోజు సాయంత్రం గురువు వీరమల్లయ్య దగ్గరికి వెళ్లాడు. ఆయన బట్టలు కుట్టుకుని బతుకుతాడు. అడిగిన నలుగురికి అచల తత్వం బోధిస్తాడు.

"ఆరు నిమిషాలే ఇస్తరు గురువుగారూ. ఒక్కసారి వినుండ్రి."

నిలబడి చెప్పాడు. రాష్ట్రంలో ఏటా ఎన్ని చావులు, ఎన్ని ఊళ్లలో కరెంటు కోతలు, మూడేళ్లలో ఎన్ని పెట్టెలు అమ్మొచ్చు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. చివర నవ్వాడు.

"నవ్వుడు గూడ నేర్పిన్రా?"

"యూట్యూబ్‌ల చూసిన."

ఇంతలో ఫోన్ వచ్చింది. నేతవాడలో పంతొమ్మిదేళ్ల రజిత డెంగీ జ్వరంతో పోయింది. అన్న భీవండిలో మగ్గాల మీద పనిచేస్తున్నాడు. రేపు మధ్యాహ్నానికి గానీ రాలేడు. వాడలో కరెంటు లేదు. పెట్టె కావాలి.

"ఇస్త గానీ, రేపు పొద్దున ఏడింటికే దాన్ని బండెక్కియ్యాలె" అన్నాడు శ్రీశైలం ఫోన్ పెట్టేసి, గురువుతో. "పెట్టె చూపియ్యకపోతే పోటీలకెల్లి తీసేస్తరు. అన్న వచ్చేదాక ఐసుగడ్డలతోని ఎల్లదీస్తరు తియ్యుండ్రి."

గురువు చెప్పులు వేసుకుని అతని వెంట నడిచాడు.

అమ్మాయిని పెట్టెలో పడుకోబెట్టారు. తల్లి లచ్చవ్వ గాజుమూత మీద అరచెయ్యి ఆనించింది.

"లోపట చలిపెడ్తదా కొడుకా?"

"రెండు డిగ్రీలుంటదమ్మా. కరెంటు లేకున్నా పద్దెనిమిది గంటలు గ్యారంటీ."

ఆమె అతని వంక ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకుంది.

వీరమల్లయ్య దండెం మీది బొంత తీశాడు. మూత ఎత్తి, అమ్మాయికి మెడదాకా కప్పి, అంచుల్ని పాదాల కిందికి మడిచాడు. మూత దించాడు.

శ్రీశైలం ఆయన చెవిలో గొణిగాడు. "బొంత ఉంటే చల్లదనం సరిగ తాకదు గురువుగారూ. తీసెయ్యాలె."

"ఆమెకు చెప్పు."

శ్రీశైలం లచ్చవ్వ వైపు చూశాడు.

"పొద్దున పెట్టె తీస్కపోతనని గూడ ఆమెకే చెప్పు. నాకు ఆరు నిమిషాలు చెప్పినవ్ గద."

శ్రీశైలం లచ్చవ్వ ముందు గొంతుకూర్చున్నాడు. నోరు తెరిచాడు. ఏదో చెప్పబోతున్నాడని ఆమె కొంగు నోట్లోంచి తీసి, ఏడుపు ఆపుకుని, అతన్నే చూసింది.

ఒక్క ముక్క రాలేదు. లేచి వెళ్లి, బొంత తియ్యకుండా, చల్లదనం మీట మాత్రం ఇంకాస్త పైకి తిప్పాడు.

మర్నాడు పదింటికి హాల్లో అతని పేరు పిలిచారు. ఉత్తచేతులతో వేదిక ఎక్కాడు.

"మీ పెట్టె ఏదీ?" అన్నాడు మధ్యలో కూర్చున్న జడ్జి.

"పనిలో ఉందండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"తప్పకుండా తేవాలని రాశాం. చదవలేదా?"

"చదివానండీ."

ఆయన కాగితం మీద ఏదో కొట్టేశాడు. పక్కనున్న ఆవిడ తన కలం కింద పెట్టి అడిగింది.

"ఎవరున్నారు అందులో?"

"రజిత" అన్నాడు శ్రీశైలం. "వాళ్లన్న ఇంకా తొవ్వలనే ఉన్నడు."