పైడమ్మ నేతి బాన

ఏ రాజు కాలమో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు గానీ, శ్రావణ బహుళ తదియ, బుధవారం, పొద్దు బారెడెక్కిన వేళ అని మాత్రం అందరికీ తెలుసు. మా తాతమ్మకు తాతమ్మ పైడమ్మ వాకిట్లోకి సుంకాల అధికారి అచ్యుతయ్య వచ్చాడు. ముందు బొజ్జ వచ్చింది, వెనక ఆయన వచ్చాడు.

ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్ళు తలా చెంబెడు నెయ్యి తెచ్చి మా ఇంటి బానలో పోసేవారు. కలిపి అమ్మితే మంచి ధర పలికేది. ఎవరి వంతు వాళ్ళకు పైడమ్మ పంచేది. చెంబెడు నేతికి సుంకం లేదు, బానెడు నేతికి ఉంది.

"బాన ఎవరింట్లో ఉంటే నెయ్యి వాళ్ళది. సుంకం కడతావా, ఆవును తోలుకుపోనా?" అంటూనే అచ్యుతయ్య పలుపు విప్పాడు. ఇంటికి ఉన్నది ఆ ఒక్క ఆవే.

"మీ మాటే కానివ్వండి బాబుగారూ," అని పైడమ్మ చేతులు జోడించింది. "మరి మీ బండిలో ఆ కడవలేమిటి?"

"ఊళ్ళమ్మట వసూలైన నెయ్యి. కోటకు తీసుకెళుతున్నా."

పైడమ్మ బండి పక్కనున్న రాజభటుల వైపు తిరిగింది.

"విన్నారా నాయనా! బండి బాబుగారిది గనక, అందులో నెయ్యీ బాబుగారిదేనట. రాజుగారికి మీరే చెప్పాలి."

భటులు మొహమొహాలు చూసుకున్నారు. అచ్యుతయ్య చేతిలో పలుపుతోనే, బొజ్జ ముందుకు తోసుకుంటూ భటులకు అడ్డం వచ్చాడు.

"నోర్ముయ్! అది రాజుగారి సొత్తు. నేను మోసేవాణ్ణే!"

"నేనూ దాచేదాన్నే కదా బాబూ. ఆ పలుపు వదలండి, ఆవు బెదురుతోంది."

వదిలాడు.

మర్నాడు పొద్దున్నే మావాళ్ళు చల్ల చిలికి, వెన్న కృష్ణుడికి పెట్టి, సత్రంలో ఉన్న అచ్యుతయ్యకు ముంతెడు చల్ల పంపారు. ముంత పట్టుకెళ్ళే మొగుడితో పైడమ్మ అంది: "గబగబా ఆయన చేతిలో పెట్టి రా మావా. నీ చేతిలో ఉన్నంతసేపూ నీదేనంటాడు."