బలభద్రం బండి, జాంబయ్య బంక

ఇప్పలకోన అడవిలో ఎలుగుబంట్లు, ఏదుపందులు, నెమళ్లు, కుందేళ్లు ఎన్ని ఉన్నా, మోటారు సైకిలు మాత్రం ఒక్కటే ఉండేది. అది అడవిపంది బలభద్రానిది. అడవిపందికి పెట్రోలు ఎవరు పోశారని అడక్కండి పిల్లలూ, కథ అక్కడే ఆగిపోతుంది.

ఎండాకాలం వస్తే కొండ మీద చెలమలు ఎండిపోయేవి. అక్కడ నీలవేణి అనే నెమలికి నలుగురు పిల్లలు. ఇంకా రెక్కలు రాని పసికూనలు, కింద వాగు దాకా దిగి రాలేరు. రోజూ పొద్దున్నే బలభద్రం డబ్బాడు నీళ్లు బండికి కట్టుకుని, డుగుడుగుమంటూ కొండెక్కి వాళ్లకు పోసి వచ్చేవాడు. "మామయ్య వచ్చాడు!" అని పిల్లలు గంతులేస్తే అతని ఛాతీ ఉబ్బిపోయేది. మనసు మంచిదే. గొప్పలే కాస్త ఎక్కువ.

ఒక సాయంత్రం కొండ దిగుతుంటే బండి జారి రాయికి కొట్టుకుంది. పెట్రోలు ట్యాంకు చిట్లి, చుక్క చుక్కగా కారడం మొదలైంది. బలభద్రం బండి తోసుకుంటూ ఎలుగుబంటి జాంబయ్య దగ్గరికి వెళ్లాడు. అడవిలో ఏది విరిగినా అతికే గట్టి బంక కాచేది ఆ ముసలాయనే.

అక్కడ ఏదుపంది సూరమ్మ, ముందురోజు అతికించిన తన నీళ్ల డబ్బాకు కట్టు విప్పుతోంది. నీళ్లు పోసి చూస్తే ఒక్క చుక్క కారలేదు.

"నీకూ అదే మందురా అబ్బాయ్," అన్నాడు జాంబయ్య, దొన్నెలో బంక పోసిస్తూ. "ముందు ట్యాంకు ఖాళీ చెయ్యి. బూడిదతో తోమి జిడ్డు వదలగొట్టు. గరుగ్గా ఉండే పారిజాతం ఆకుతో రుద్దు. బంక పల్చగా రాసి, ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకు."

"అంతసేపా! ఆలస్యం అమృతం విషం అన్నారు తాతా!"

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు."

"రేపొక్క రోజు ఎండెక్కక ముందే నేను మోసుకెళ్తాలే తమ్ముడూ," అంది సూరమ్మ.

బలభద్రానికి రోషం వచ్చింది. "నేనుండగా నీళ్లు కాలినడకన కొండెక్కడమా? అడవంతా నవ్విపోదూ!"

తెల్లవారింది. బలభద్రం ఎప్పటిలాగే వాగులో ముఖం, కాళ్లు శుభ్రంగా కడుక్కుని తుడుచుకున్నాడు. ట్యాంకును మాత్రం కడగలేదు. బూడిద లేదు, ఆకు లేదు. పెట్రోలు కారుతుండగానే దొన్నెడు బంకా దాని మీద కుమ్మరించాడు.

"నేను నొక్కితే కొండైనా అతుక్కోవాల్సిందే!" అంటూ ముందుకాళ్లు రెండూ దగ్గరగా పెట్టి అదిమాడు. ఊపిరి బిగబట్టి నూరు లెక్కపెట్టాడు.

కాళ్లు పైకెత్తాడు. పెనం మీది అట్టులా బంకంతా ట్యాంకు నుంచి ఊడి వచ్చేసింది. కానీ కాళ్లు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి! లాగాడు, గుంజాడు, దొర్లాడు. అబ్బే! ట్యాంకు కారుతూనే ఉంది.

ఎండ చురుక్కుమనసాగింది. కొండ మీద నోళ్లు తెరుచుకుని దారికేసి చూస్తుండే నలుగురు పసివాళ్లు గుర్తొచ్చారు. బలభద్రానికి ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గు పక్కన పెట్టి గొంతు చించుకుని అరిచాడు. "సూరమ్మక్కా! పిల్లలకు నీళ్లు!"

సూరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. అతని కాళ్లు చూసి నవ్వాపుకోలేకపోయింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నీకు ఆకు పట్టుకునే వీలు కూడా లేదే!" అని, అతికిన డబ్బా నిండా నీళ్లు ఎత్తుకుని మండే ఎండలో కొండెక్కింది. ఏడు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంది. డబ్బా మాత్రం కారలేదు. పిల్లలు కడుపునిండా తాగారు.

కేక విని వచ్చిన జాంబయ్య, బలభద్రం కాళ్లను గోరువెచ్చని ఇప్పనూనెలో నానబెట్టాడు.

"ఊడుతుందా తాతా?"

"ఊడుతుంది, రేపటికి."

"ట్యాంకుకు పట్టని బంక నా కాళ్లకే ఎందుకు పట్టింది?"

"ట్యాంకు కడిగావా?"

"లేదు."

"మరి కాళ్లు?"

బలభద్రం అతుక్కున్న కాళ్లకేసి చూసుకుని తనే పకపకా నవ్వాడు.

జాంబయ్య ట్యాంకును ఖాళీ చేసి, తోమి, రుద్ది, పల్చగా బంక రాసి నీడలో పెట్టాడు. ఆ రోజంతా ట్యాంకు ఎండుతూ, దాని పక్కనే బలభద్రం నానుతూ గడిపారు.

మర్నాడు కాళ్లు విడిపోయాయి. ట్యాంకు చుక్క కారలేదు. బలభద్రం సూరమ్మను వెనక సీటులో కూర్చోబెట్టుకుని కొండెక్కాడు. దారంతా ఆమె ముళ్లు వీపున గుచ్చుకుంటున్నా కిమ్మనలేదు.

"సూరమ్మత్త వచ్చింది!" అని పిల్లలు గంతులేశారు. అందరికంటే గట్టిగా బలభద్రమే అరిచాడు, "అవునర్రా, అత్తే వచ్చింది!"

నీతి: అతుకును నిలబెట్టేది బలం కాదు, శుభ్రంగా చేసిన పని, ఓపిగ్గా ఆగిన మనసు.