ఒకటో నంబరు ప్రోగ్రాం

గరివిడిలోని ఒక ఖనిజ పరీక్షశాలలో సన్యాసిరావు అనే గట్టి పనివాడు ఉండేవాడు. కాకపోతే తనకు తెలిసింది మరొకరికి చెప్పేవాడు కాదు.

మాంగనీసు రాళ్ళను మెషీన్‌లో మెత్తగా నూరడం అతని పని. పొడి సరిగ్గా ఉంటేనే పరీక్షలో నిజం తేలుతుంది. ఏ గని రాయిని ఎంత వేగంతో, ఎన్ని నిమిషాలు తిప్పాలో, మధ్యలో ఎంతసేపు ఆపి చల్లారనివ్వాలో అతనికి కంఠతా వచ్చు. ఆ లెక్కలు దాచడానికి మెషీన్‌లోనే ఇరవై ప్రోగ్రాములకు చోటుంది. ఒకసారి సేవ్ చేస్తే, తర్వాత ఎవరు ఆ నంబరు నొక్కినా అది అలాగే నూరిపెడుతుంది. కానీ సన్యాసిరావు ఒక్కటీ సేవ్ చేయలేదు.

"కాస్త సేవ్ చేసి పెట్టండి సన్యాసిరావుగారూ, మాకూ పనికొస్తుంది" అని తోటి ఉద్యోగి హైమవతి ఎన్నోసార్లు అడిగింది.

"నంబరు నొక్కితే పనైపోతే ఇంక నేనెందుకమ్మా?" అని అతను నవ్వేసేవాడు.

ఆ వానాకాలం అతను టైఫాయిడ్‌తో నెలరోజులు మంచం పట్టాడు. హైమవతి తనకు తోచినట్టు నూరింది. తడిరాయి పొడి వేడికి మెషీన్ గిన్నెకు అట్టకట్టింది. ఒకే రాయికి మూడు పరీక్షల్లో మూడు వేరువేరు ఫలితాలు వచ్చాయి.

"శనివారం మా కళ్ళముందు మళ్ళీ చేయండి. ఈసారీ తేడా వస్తే ఈ గని సరుకు మాకొద్దు" అన్నారు ఆ మాంగనీసు కొనేవాళ్ళు. గని ఆగితే రెండువందలమందికి పని పోతుంది.

కబురందగానే సన్యాసిరావు ఆ నీరసంతోనే వచ్చాడు. 'నేను లేకపోతే ఇంతే' అని లోలోపల మురిసిపోయాడు కూడా. తీరా మెషీన్ ముందు నిలబడితే వేలు కదల్లేదు. నాలుగు నిమిషాలా? ఆరా? నెలరోజుల జ్వరం తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"నాకూ తెలియడం లేదమ్మా" అన్నాడు తల దించుకుని.

"అయితే ఇద్దరం కలిసి కనుక్కుందాం, రండి" అంది హైమవతి.

రెండు రోజులపాటు నూరారు, జల్లించారు. వేగం తగ్గించారు, మధ్యలో ఆపే సమయం పెంచారు. పంతొమ్మిదోసారి జల్లెడలో ఒక్క రవ్వ కూడా మిగల్లేదు. సన్యాసిరావు తన చేత్తోనే ఆ లెక్కను ఒకటో నంబరు కింద సేవ్ చేశాడు.

శనివారం వచ్చినవాళ్ళు అనుమానంగా చూశారు. "మీరెవరూ ముట్టుకోవద్దు. మా మనిషే నూరుతాడు" అన్నారు.

హైమవతి కంగారుగా సన్యాసిరావు వైపు చూసింది. అతను మాత్రం పక్కకు జరిగి, "అలాగే బాబూ, ఒకటి నొక్కండి చాలు" అన్నాడు.

మూడుసార్లు నూరారు. మూడుసార్లూ ఒకే ఫలితం! వచ్చినవాళ్ళు అక్కడికక్కడే కొనుగోలు కాగితాలపై సంతకం పెట్టారు. పరీక్షశాలంతా చప్పట్లతో మారుమోగింది. ఇన్నేళ్ళలో తన చేత్తో నూరినప్పుడు ఎన్నడూ కలగని గర్వం ఆ రోజు సన్యాసిరావుకు కలిగింది.

నీతి: మనకు తెలిసిన పని నలుగురికీ అందేలా భద్రపరచాలి, అప్పుడే అది మనం మరిచినా నిలుస్తుంది, మనం లేకపోయినా పనిచేస్తుంది.